తప్పు చేయకపోయినా నష్టం కట్టాలా? కార్వేటినగరం దగ్గర నీటి కుంట గొడవ

పుత్తూరు కుర్రోడు
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. మా నాయన కార్వేటినగరం మండలంలో సేద్యం చేస్తారు. నాలుగెకరాల మామిడి తోట, అంతా బెంగళూరా రకం. కరెంటు ఉన్న టైములో బోరు నీళ్ళు నిలవ చేసుకుని డ్రిప్పుకు వదలడానికి తోట పైభాగంలో సొంత డబ్బుతో జేసీబీ పెట్టి పెద్ద కుంట తవ్వించారు. కట్ట గట్టిగానే వేశారు, లోపలివైపు రాయి కూడా పరిచారు.

మొన్న వాయుగుండం వానలకు కుంట నిండింది. కట్ట తెగలేదు, నీళ్ళు పొర్లలేదు. ఒకరోజు తెల్లవారి చూస్తే కుంట ఖాళీ! అడుగు నుంచి నీళ్ళు ఎటో పోయాయి. అదే రాత్రి కింది పొలం ఆయన బావిలోకి నీళ్ళు ఒక్కసారిగా తన్నుకొచ్చి బావి అంచు కూలింది. అంచునే ఉన్న పశువుల కొట్టం గోడ కూడా దాంతోపాటు పోయింది. ఒక జెర్సీ ఆవు చచ్చిపోయింది, మోటరు బురదలో కూరుకుపోయింది.

విచారిస్తే తెలిసిందేమిటంటే, మా కుంట ఒక మూల ఉన్నచోట పాతకాలం మోటబావి ఉండేదంట. మేం ఆ భూమి కొనకముందే ఎవరో పూడ్చేశారు. అమ్మినవాళ్ళు చెప్పలేదు, కాగితాల్లో లేదు, ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళకే గుర్తుంది. ఇప్పుడు కింది పొలం ఆయన లాయరు నోటీసు పంపారు. మా నాయనది ఒకటే మాట: "నేనేమన్నా కావాలని చేశానా? ఏమరుపాటుగా ఉన్నానా? తప్పు లేనప్పుడు నేనెందుకు కట్టాలి?" టెన్షన్‌తో ఆయన సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. తప్పు లేకపోయినా డబ్బు కట్టమనే చట్టం ఉందా?

ఘాట్ డ్రైవరు
ఇదెక్కడి న్యాయం సామీ? భూమి కింద ఏముందో ఎవరికి తెలుసు? రేపు నా బండి టైరు పేలితే అది కూడా నేనే చేసినట్టా? కట్టొద్దు. కోర్టులోనే తేల్చుకోమనండి.

లా ఫైనలియర్
అన్నా, మీ నాయనగారి కేసు అచ్చంగా మా పుస్తకంలో ఉంది! నిజంగా చెబుతున్నా. ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతంలో రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లుకు నీళ్ళ కోసం జలాశయం కట్టించాడు. పని కాంట్రాక్టర్లకు అప్పగించాడు. దాని అడుగున పాత గని గోతులు పూడి ఉన్నాయని ఆయనకు తెలియదు. 1860 డిసెంబరులో నీళ్ళు ఆ గోతుల్లోంచి దిగి, పక్కన ఫ్లెచర్ అనే ఆయన బొగ్గు గనిని ముంచేశాయి. రైలాండ్స్ తప్పేమీ లేదని కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా నష్టం కట్టమని 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో అక్కడి ఆఖరి అప్పీలు కోర్టు, చెప్పింది. నీ అవసరం కోసం, బయటపడితే హాని చేసే వస్తువును నీ భూమిలోకి తెచ్చి పెట్టుకున్నావు, దాన్ని అదుపులో ఉంచుకునే పూచీ నీదే. జాగ్రత్త పడ్డానంటే సరిపోదు. దీన్నే కఠిన బాధ్యత అంటారు.

మీ కేసులో గని బదులు మోటబావి, అంతే తేడా.

పుత్తూరు కుర్రోడు
థ్యాంక్స్ మేడమ్, కానీ చదివాక భయం ఇంకా పెరిగింది. ఎప్పుడో ఇంగ్లండ్‌లో బొగ్గు గని మునిగితే ఇక్కడ మా నాయన కట్టాలా?

చిత్తూరు ప్లీడరు
అమ్మాయి చెప్పింది కరెక్టే. కానీ కార్వేటినగరం మాట వచ్చాక కార్వేటినగరం కేసు చెప్పకపోతే ఎలా? దేశంలో లా చదివే ప్రతి పిల్లవాడూ మన ఊరి పేరు చదువుతాడు, మన ఊరివాళ్ళకే తెలియదు.

మద్రాసు రైల్వే కంపెనీకీ కార్వేటినగరం జమీందారుకీ జరిగిన వ్యాజ్యం అది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, మనది ఉత్తర ఆర్కాటు. భారీ వానలకు జమీందారీలోని చెరువులు తెగి నీళ్ళు రైల్వే లైను మీద పడ్డాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. కంపెనీ అప్పటికి కొత్తగా వచ్చిన రైలాండ్స్ తీర్పు పట్టుకుని, తప్పుతో పనిలేదు, నష్టం కట్టమంది. దావా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పట్లో మన దేశపు కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు దాకా, వెళ్ళింది. 1874లో జమీందారు గెలిచాడు.

ఎందుకు గెలిచాడన్నదే మీకు ముఖ్యం. ఈ చెరువులు ఆయన తన సరదాకో సొంత లాభానికో తవ్వుకున్నవి కావు. ఎవరూ చెప్పలేనంత కాలం నుంచి ఉన్నాయి, వాటి కింద వేలమంది రైతులు బతుకుతున్నారు, ఈ దేశపు సాగునీటి ఏర్పాటులో అవి భాగం. జమీందారు వాటిని వద్దనుకుని పూడ్చేయలేడు. కాపాడి మరమ్మతు చేయించడం ఆయన విధి. విధిగా చేసే పనికి అజాగ్రత్త రుజువైతేనే బాధ్యత అన్నారు. అజాగ్రత్త లేదని కింది కోర్టులు అప్పటికే తేల్చాయి.

ఇప్పుడు మీ నాయనగారి కుంట దగ్గరికి రండి. సొంత డబ్బు, సొంత తోట, తనంతట తాను తవ్వించింది, బోరు నీళ్ళు తెచ్చి నింపింది. ఇది జమీందారు చెరువుకు దగ్గరా, మిల్లు యజమాని జలాశయానికి దగ్గరా? మీరే చెప్పండి.

మొరవ
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చట్టం నాకు తెలియదు, నీళ్ళు తెలుసు.

బాబూ, మన వైపు పాత బావుల్లో నీళ్ళు తగ్గినప్పుడల్లా అడుగున పక్కలకు అడ్డబోర్లు వేసేవాళ్ళు. చెయ్యి దూరేంత రంధ్రం, చాలా దూరం పోతుంది. పొలం గట్టు దాటి పక్కవాడి భూమి కిందికి పోయినా అడిగేవాడు లేడు. పూడ్చేటప్పుడు పైనుంచి మట్టి, చెత్త, కంపలు వేసి పూడుస్తారు. ఆ రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. పైన కుంట పెట్టి నిండా నీళ్ళు నిలిపితే ఆ బరువుకు మట్టి దిగిపోతుంది, అడ్డబోరు నోరు తెరుచుకుంటుంది. కింది ఆయన బావిలోకి ఒక్కసారిగా రావడానికి వేరే దారి నాకు తోచడం లేదు. ఆయన బావి కూలినచోట పక్కగోడలో గుండ్రటి రంధ్రం కనిపిస్తోందా చూడండి. ఇప్పుడే ఫోటో తీయించండి, మళ్ళీ వాన పడితే పోతుంది.

ఇంకో మాట. చెరువులకు మొరవ (నిండాక నీళ్ళు పొర్లిపోయే దారి) ఉంటుంది, తూము ఉంటుంది, చూసుకోవడానికి మనిషి ఉంటాడు. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు నీరు కారుతోందని తెలియగానే కింది ఊళ్ళు ఖాళీ చేయించారు గదా. ఎవరో ఒకరు చూస్తున్నారు కాబట్టే తెలిసింది. ఈ సొంత కుంటలను ఎవరు చూస్తారు? ఎవరికి వారు తవ్వుకుని రాత్రి తలుపేసుకుని పడుకుంటారు.

శ్రీవాణి
ఇక్కడ అందరూ కుంట తవ్వినాయన బాధే మాట్లాడుతున్నారు. ఆవు పోయినాయన తప్పేమిటో ఒక్కరైనా చెప్పండి.

మాకూ ఆవులున్నాయి. పాలిచ్చే జెర్సీ ఆవు అంటే ఒక ధర పలికే పశువు మాత్రమే కాదు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పాల కేంద్రంలో పోసి వచ్చే డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది. అది రాత్రికి రాత్రి ఆగిపోయింది. "నా తప్పు లేదు" అని మీ నాయన అంటున్నారు. సరే, ఒప్పుకుంటాను. మరి ఆయన తప్పు ఉందా? ఇద్దరిదీ తప్పు లేదు. నష్టం మాత్రం జరిగింది, ఎవరో ఒకరు మోయాలి గదా. కుంట వల్ల కాయ బాగా వచ్చిన సంవత్సరం కింది ఆయనకు వాటా ఇచ్చారా? లాభం ఎవరికో రిస్కూ వాళ్ళకే ఉండాలి.

ఘాట్ డ్రైవరు
మేడమ్, అట్లా అయితే పల్లెల్లో ఎవరూ ఏ పనీ చేయలేరు. బోరు వేస్తే ఒక గొడవ, కుంట తవ్వితే ఒక గొడవ. తప్పుంటే శిక్ష, లేకుంటే లేదు, అంతే గదా చట్టమంటే?

చిత్తూరు ప్లీడరు
డ్రైవరన్నా, శిక్ష వేరు, పరిహారం వేరు. జైలుకు పంపాలంటే మనసులో దురుద్దేశమో, కనీసం నిర్లక్ష్యమో ఉండాలి. చట్టబద్ధమైన పని తగిన జాగ్రత్తతో చేస్తుండగా ప్రమాదవశాత్తూ హాని జరిగితే నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 18వ సెక్షన్ చెబుతోంది, పాత ఐపీసీలో అది 80వ సెక్షన్. కుర్రోడి నాయన మీద పోలీసు కేసు నిలవదు, ఆ భయం పెట్టుకోవద్దు. ఇక్కడున్నది డబ్బు లెక్క మాత్రమే.

నువ్వు టైరు మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా. జీపు ముందు టైరు పేలి, బండి అదుపు తప్పి, రోడ్డున నడిచిపోతున్న మనిషి చనిపోయిన కేసు ఒకటుంది. డ్రైవరు నిర్లక్ష్యం లేదని ట్రిబ్యునల్ క్లెయిము కొట్టేసింది, హైకోర్టూ కొట్టేసింది. 2001లో సుప్రీంకోర్టు ఇప్పించింది. రైలాండ్స్ సూత్రం బండ్లకూ వర్తించవచ్చు, డ్రైవరు తప్పు లేనంత మాత్రాన ఆ కుటుంబం వట్టి చేతులతో పోనక్కర్లేదు అంది.

ఘాట్ డ్రైవరు
అంటే టైరు పేలితే నేనే ఇచ్చుకోవాలా?

పాలసీ బాబాయి
లేదన్నా, దానికే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం తప్పు ఎవరిదని తేల్చకుండానే చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. 2019 సవరణలో వచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎక్కువ కావాలంటే 166 కింద తప్పు నిరూపించుకోవాలి. ఘాట్ రోడ్డు ఎక్కే ప్రతి బండికీ పాలసీ కరెంట్‌లో ఉందో లేదో చూసుకోండి. బండి పూజ చేయిస్తారు, నిమ్మకాయలు తొక్కిస్తారు, రెన్యూవల్ మాత్రం మరిచిపోతారు.

లా ఫైనలియర్
కరెంటుకు కూడా ఇదే. తెగి రోడ్డున పడిన తీగ మీదుగా సైకిల్ వెళ్ళి మనిషి చనిపోతే, ఎవడో దొంగతనంగా కరెంటు లాగాడు, మా తప్పు కాదని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అంత ప్రమాదకరమైన దాన్ని సరఫరా చేసేవాళ్ళు, పక్కవాడు ఏం చేసినా బాధ్యత తప్పించుకోలేరని చెప్పింది.

ఇంకా పెద్దవి ఫ్యాక్టరీలు. భోపాల్ జరిగిన మరుసటి ఏడాదే, 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకయింది. ఆ కేసులో జస్టిస్ భగవతి బెంచ్ 1986లో ఇంగ్లండ్ సూత్రాన్ని పక్కనపెట్టింది. రైలాండ్స్‌లో మినహాయింపులు ఉన్నాయి: దైవాధీనం (ఎవరూ ఊహించలేని ప్రకృతి విపత్తు), మూడో మనిషి పని, బాధితుడి సొంత తప్పు, ఇట్లాంటివి. ప్రమాదకర పరిశ్రమకు అవేవీ ఉండవు, పూర్తి బాధ్యతే అన్నారు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ పూర్తి కాకముందే 50 కోట్లు జమ చేయించింది. ఆ ట్రిబ్యునల్ చట్టంలోనే తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం ఇప్పించాలని రాసి ఉంది.

పలమనేరు రైతు
గ్యాసు సరే. మాకు ఏనుగుల సంగతి చెప్పండి. కౌండిన్య అడవిలోంచి వచ్చి డ్రిప్పు పైపులు, అరటి, టమాటా కట్టెలు అన్నీ తొక్కేసి పోతాయి. ఏనుగు యజమాని ఎవరు? గవర్నమెంటే గదా? అటవీ శాఖ ఇచ్చేది ఏదో సాయం లెక్కన ఇస్తారు, అది పైపులకు కూడా చాలదు. చట్టంలో మా మిల్లు యజమాని ఎవరు?

చిత్తూరు ప్లీడరు
మంచి ప్రశ్నే రెడ్డీ, దానికి వేరే టాపిక్ పెట్టు. అడవి జంతువును ప్రభుత్వం "తెచ్చి పెట్టుకోలేదు" అన్నదే అక్కడ చిక్కు. ఏనుగుల కోసం కంచెకు కరెంటు మాత్రం పెట్టొద్దు. దానికి మనిషి తగిలి చనిపోతే అది తప్పు లేని ప్రమాదం కాదు, నేరుగా క్రిమినల్ కేసు.

నిర్వాహకుడు
ఏనుగుల చర్చ విడిగా మొదలుపెట్టండి, ఇక్కడ కుంట గురించే రాయండి.

పుత్తూరు కుర్రోడు
మొరవ సార్ చెప్పినట్టే ఫోటోలు తీయించాను. బావి గోడలో రంధ్రం ఉంది సార్, కొబ్బరికాయ దూరేంత. మా తోట వైపుకే.

ఇంకో విషయం బయటపడింది. జేసీబీ తోలిన అబ్బాయితో మాట్లాడాను. ఈశాన్యం మూల తవ్వుతున్నప్పుడు మాత్రం బకెట్ వెన్నలో దిగినట్టు దిగిందంట. మిగతా చోటంతా మొరం రాయి, పళ్ళు అరిగిపోయాయి. ఆ మూలన నల్లమట్టి, పగిలిన కుండ పెంకులు, ఒక పాత గిలక ఇరుసు ముక్క వచ్చాయంట. "గంట లెక్క పని గదన్నా, తొందరగా అయిపోతోందని సంతోషపడ్డా" అన్నాడు. మా నాయన అప్పుడు అక్కడ లేరు, భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నారు.

చిత్తూరు ప్లీడరు
తమ్ముడూ, ఈ ముక్క నలుగురు చదివే చోట రాయకుండా ఉండాల్సింది. సరే, రాశావు.

రైలాండ్స్‌లో కూడా ఇదే జరిగింది. పాత గోతులు కాంట్రాక్టర్ల కంటపడ్డాయి, వాళ్ళు పట్టించుకోలేదు. గిలక ఇరుసు దొరికిందంటే అది బావి అని మన ఊళ్ళో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కింది ఆయన లాయరు కఠిన బాధ్యత దాకా పోనక్కర్లేకుండా అజాగ్రత్తే అనొచ్చు. మీరేమో అది జేసీబీ వాడి అజాగ్రత్త, మాది కాదంటారు. ఆ వాదన ఎంత దూరం నిలుస్తుందో చెప్పలేం.

మీకు అనుకూలంగా ఉన్నవి కూడా చెబుతాను. మన దేశంలో సాగుకు నీళ్ళు నిలవ చేయడం భూమిని మామూలుగా వాడుకోవడమే అని కోర్టులు చాలాసార్లు అన్నాయి. కాలువ నీరు తోటలోకి ఊటగా వచ్చి పండ్లచెట్లు చచ్చిపోయాయని ఒక రైతు ప్రభుత్వం మీద వేస్తే, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రైలాండ్స్ వర్తించదంది, ఆ తీర్పు 1982 రిపోర్టుల్లో ఉంది. అంతకుముందు 1964లో పంజాబ్ కాలువ గండి కేసులో జస్టిస్ హిదయతుల్లా కూడా, కాలువలు ఈ దేశ జీవనానికి అవసరం, వాటికి ఆ సూత్రం సరిపడదన్నారు. కానీ పండగ చేసుకోవద్దు. ఆ 1964 కేసులో ప్రభుత్వం చివరికి ఓడిపోయింది. సరిగ్గా చూసుకుంటున్న కాలువ దానంతటదే గండిపడదు, అజాగ్రత్త లేదని చూపించుకోవాల్సింది నువ్వే అన్నారు. రికార్డులు కోర్టుకు ఇవ్వకపోవడం కూడా వాళ్ళ మెడకే చుట్టుకుంది.

పుత్తూరు కుర్రోడు
దైవాధీనం అనొచ్చు గదా సార్? వాయుగుండం వానలు.

చిత్తూరు ప్లీడరు
1876లో ఇంగ్లండ్‌లో ఒకాయన దాంతో గెలిచాడు. తోటలో అలంకారానికి కట్టుకున్న కొలనులు, కనీవినీ ఎరగని వానకు తెగాయి. మన జిల్లాలో కార్తీక మాసంలో వాయుగుండం వస్తే కనీవినీ ఎరగనిదని ఏ జడ్జీ నమ్ముతారు? పైగా మీ కట్ట తెగలేదు, నీళ్ళు అడుగునుంచి పోయాయి. వాన లేకున్నా బోరు నీళ్ళతో నిండినరోజు అది జరిగేదే.

మొరవ
ప్లీడరుగారూ, ఒకటి అడగనా? కింది ఆయన కూడా బావి అంచునే కొట్టం కట్టాడు. ఒరలు లేని మట్టి బావికి అంత దగ్గరగా పశువుల్ని కట్టడం మంచిది కాదు. ఆ సంగతి లెక్కలోకి రాదా?

చిత్తూరు ప్లీడరు
వస్తుంది. మొత్తం మాఫీ కాదు, కొంత తగ్గించమని అడగొచ్చు.

శ్రీవాణి
నాకు ఈ తగ్గింపు బేరాలు నచ్చవు. ఆయన కొట్టం ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంది, కుంట వచ్చేదాకా కూలలేదు. కానీ కుర్రోడు గారూ, ఫోటో తీయించి, జేసీబీ మాట కూడా దాచకుండా రాశారు చూడండి, అందుకు మెచ్చుకోవాలి. నోటీసుకు జవాబు ఇచ్చేముందు మీ నాయనగారిని ఒకసారి ఆ కొట్టం దగ్గరికి వెళ్ళి రమ్మనండి. ఇంతవరకు వెళ్ళారా?

పుత్తూరు కుర్రోడు
వెళ్ళలేదు మేడమ్. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని ఊళ్ళో ఎవరో చెప్పారంట.

చిత్తూరు ప్లీడరు
పరామర్శకు పోతే తప్పు ఒప్పుకున్నట్టు ఏ చట్టంలోనూ లేదు. అక్కడ కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దనండి.

పుత్తూరు కుర్రోడు
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాయన వెళ్ళారు, నేనూ వెళ్ళాను. మొదట కింది పొలం ఆయన మాట్లాడలేదు. వాళ్ళ అమ్మగారు కాఫీ ఇచ్చాక కూర్చున్నారు. మొరవ సార్ చెప్పిన అడ్డబోరు సంగతి చెబితే, ఆ రంధ్రం తన తాత వేయించిందేనని ఆయనే అన్నారు! రెండు బావుల వాళ్ళూ అప్పట్లో దాయాదులంట, నీళ్ళు కలుపుకున్నారంట.

ఊరి పెద్దల ముందు మాట్లాడుకున్నాం. ఆవు ధర పూర్తిగా మేమిస్తాం, మోటరు రిపేరు మాదే, గోడ ఖర్చు చెరిసగం. పాలు ఆగినందుకు ఎంత ఇవ్వాలో ఏమీ మాట్లాడుకోలేదు, శ్రీవాణి మేడమ్ తిడతారేమో. కుంటను మాత్రం ఆ మూల నుంచి వెనక్కి జరిపి, పాత బావిని కింది నుంచి రాయి, సిమెంటుతో మూయించాలని ఆయన షరతు. మా నాయన ఒప్పుకున్నారు. "తప్పు" అనే మాట మాత్రం రాయకూడదని మా నాయన పట్టు. స్టాంపు పేపరు మీద రాసుకుంటే సరిపోతుందా సార్?

శ్రీవాణి
తిట్టను గానీ, కొత్త ఆవు వచ్చేదాకా రోజూ పాలు పంపించమనండి మీ నాయనగారిని.

చిత్తూరు ప్లీడరు
స్టాంపు పేపరు చాలదు, రేపు ఎవరైనా మాట మారిస్తే దాన్ని పట్టుకుని మళ్ళీ దావా వేసుకోవాలి. ఇద్దరూ కలిసి చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, ఫీజు లేదు. అక్కడ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. "కుంట నీటి వల్ల కలిగిన నష్టానికి పరిహారం" అని రాయించండి, ఎవరి తప్పో రాయాల్సిన పని లేదు. బావి ఎంత లోతు నుంచి మూయాలి, ఏ తేదీలోపు, ఖర్చు ఎవరిది అన్నది మాత్రం విడిగా రాయించండి. ఆవు డబ్బు ఇచ్చేశాక ఈ పనే వెనకబడుతుంది.

మొరవ
మూసే రోజు నాకు ఒక మాట చెప్పండి బాబూ, వచ్చి నిలబడతాను. ముందు అడ్డబోరు నోరు మూసి, ఆ తర్వాతే పైన రాయి వేయాలి.